పశువుకి సూది ఎవరు వెయ్యాలి? 1866 నుంచి మన చట్టాల కథ



ఈసారి ఎరువులూ ధాన్యం రేటూ కాదు, పాకలో గేదె గురించి రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది. చేలో పనుల్లో ఉన్నవాళ్లు రాత్రి తీరిగ్గా చదువుకోండి. పాడి ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మన పాకలోకి వైద్యానికి వచ్చేవాళ్లు ఒక్క రకం కాదు. పశువుల ఆసుపత్రి డాక్టరు గారు ఒకరు. అక్కడే పనిచేసే కాంపౌండరు గారు, అంటే ఇప్పటి పేర్లలో లైవ్‌స్టాక్ అసిస్టెంటు, వెటర్నరీ అసిస్టెంటు, ఒకరు. రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడు ఒకరు. బండికి సెమన్ డబ్బా కట్టుకొచ్చే గోపాలమిత్ర ఒకరు. ఇవేమీ కాకుండా ఎవరి వెనకాలో నాలుగేళ్లు తిరిగి సూది వెయ్యడం నేర్చుకున్న మనిషి ఇంకొకరు.

మనం మాత్రం అందర్నీ "డాక్టరు గారూ" అనే పిలుస్తాం. మర్యాదకి అది బాగానే ఉంది. గాని చట్టం లెక్కలో వీళ్లంతా ఒకటి కాదండి. ఎవరు ఏ పని చెయ్యొచ్చో, ఎవరి కింద చెయ్యాలో రాసిపెట్టిన చట్టం ఒకటుంది. ఆ గీత ఎక్కడుందో తెలియకపోతే ముందు నష్టపోయేది డాక్టరూ కాదు, అసిస్టెంటూ కాదు. గేదె మనది కాబట్టి మనమే.

ఆ గీత ఒక్కరోజులో గీసింది కాదు. దాని వెనక నూట అరవై ఏళ్ల కథ ఉంది. మొదట్నుంచీ చెప్పుకుందాం.

డాక్టరు లేని రోజుల్లో వచ్చిన చట్టం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవల కింద వరి పెరిగింది. దమ్ముకీ, నూర్పుకీ, బండికీ ఎద్దూ దున్నా లేకపోతే పని లేదు. ఈరోజు ట్రాక్టరు ఆగిపోతే మెకానిక్కుని పిలుస్తాం. ఆ రోజుల్లో కాడి ఎద్దు పోతే ఆ ఏడు వ్యవసాయమే పోయినట్టు.

అలాంటి రోజుల్లో అందరూ భయపడే జబ్బు ముసర. ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్ అంటారు, కొన్నిచోట్ల పెద్దరోగం అనేవారు. జ్వరం, నోట్లో పుళ్లు, కంట్లో ముక్కులో కారడం, ఆపైన ఆగని విరేచనాలు, వారం పది రోజుల్లో పశువు పడిపోవడం. ఒక మందలో దిగితే చాలావరకు తుడిచిపెట్టేసేది. మందు లేదు. ఊళ్లో పెద్దవాళ్లు వాతలు పెట్టేవారు, ఆకు పసర్లు పోసేవారు, గ్రామదేవతకి మొక్కుకునేవారు. ఎముక విరిగితే కట్టడం, కడుపుబ్బరానికి నూనె పట్టడం లాంటివి వాళ్లకి బాగానే తెలుసు. ముసర ముందు మాత్రం ఎవరి విద్యా పనిచెయ్యలేదు.

ఇది మన ఒక్కళ్ల బాధ కాదు. ప్రపంచంలో మొట్టమొదటి పశువైద్య పాఠశాల ఫ్రాన్సులోని లియోన్‌లో 1761లో పుట్టడానికి ఒక ముఖ్య కారణం పశువుల్లో వచ్చే ఈ మహమ్మారే. 1865లో ఇంగ్లండులో ఇదే జబ్బు దిగి మందల్ని ఊడ్చేస్తే, మరుసటి ఏడు అక్కడి పార్లమెంటు హడావిడిగా చట్టం చేసింది.

అదే 1866లో మన మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఒక చట్టం వచ్చింది. మద్రాసు పశురోగాల చట్టం, ఆ ఏడు రెండో నంబరు చట్టం. మన గోదావరి జిల్లా అప్పుడు మద్రాసు కిందే కదండీ. అంటురోగం పశువుల్లో పాకకుండా ఆపడం దాని ఉద్దేశం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. చట్టం 1866లో వచ్చింది. మద్రాసు వేపేరిలో పశువైద్య కళాశాల మొదలైంది 1903లో. అంటే చట్టానికీ, ఆ చట్టం కోసం పనిచెయ్యగల చదువుకున్న మనిషిని ఇక్కడే తయారుచేసే కాలేజీకీ మధ్య 37 ఏళ్లు. మధ్యలో 1890ల మొదట్లో ప్రభుత్వం సివిల్ వెటర్నరీ శాఖ అని ఒకటి పెట్టింది. ముక్తేశ్వర్‌లో, అంటే మన కోనసీమ ముక్తేశ్వరం కాదు, హిమాలయాల్లో ఉన్న ముక్తేశ్వర్‌లో, పరిశోధనాలయం పెట్టింది. గాని ఊరిదాకా వచ్చే మనిషి మాత్రం చాలా కాలం లేడు.

కాగితం ముందు, మనిషి తర్వాత. ఈ వరస గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

1940లో రెండు చట్టాలు

1920లలో ముక్తేశ్వర్‌లో మేకల్లో పెంచిన వైరస్‌తో ముసరకి టీకా తయారైంది. టీకా చేతికొచ్చాక దాన్ని ఊళ్లలో వేయించాలి. అందుకు 1940లో మద్రాసు రిండర్‌పెస్ట్ చట్టం వచ్చింది. అదే ఏడు మద్రాసు పశుగణాభివృద్ధి చట్టం కూడా వచ్చింది. ఇది ఆబోతుల గురించి. వయసుకొచ్చిన ఆబోతును ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి, జాతికి పనికిరాదనుకున్న దానికి విత్తులు కొట్టించాలి. మేలుజాతి నిలబడాలంటే నాసిరకం ఆబోతు ఊరంతా తిరగకూడదన్నది ఆలోచన.

1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాక కూడా ఈ మద్రాసు చట్టాలు "ఆంధ్ర ప్రాంతం" అనే పేరు తగిలించుకుని మన జిల్లాల్లో నడిచాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఊరూరా టీకా వెయ్యాలి. ఊరూరా ఆబోతుల విత్తులు నొక్కాలి. దీనికంతా కాలేజీలో చదివిన డాక్టర్లు సరిపోతారా? సరిపోరు. అందుకే స్టాక్‌మన్ అనే మనిషి అవసరమయ్యాడు. కొద్ది నెలల శిక్షణ, చేతిలో బర్డిజో పట్టకారు, భుజాన టీకాల సంచి. మొదటి పంచవర్ష ప్రణాళికలో కీ విలేజ్ పథకం అని వచ్చి, కృత్రిమ గర్భధారణ కేంద్రాలు మొదలయ్యాక ఇలాంటివాళ్ల అవసరం ఇంకా పెరిగింది. మన పెద్దవాళ్లు "కాంపౌండరు గారు" అన్నది ఈ వరస మనుషుల్నే.

1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ 5,000 పశువులకు ఒక డాక్టరు ఉండాలని చెప్పింది. ఒక్కసారి లెక్కేసుకోండి. ఆ లెక్క పూర్తిగా అమలైనా ఒక డాక్టరు చేతికింద 5,000 పశువులు. ఒకే రాత్రి రెండు ఊళ్లలో రెండు గేదెలు ఈనలేక అవస్థ పడితే ఆయన ఎక్కడికి వెళ్తాడు? రెండో మనిషి లేకుండా పల్లెటూరి పశువైద్యం ఎప్పుడూ నడవలేదు. ఇది చరిత్ర చెప్పే మొదటి మాట.

ముసరను తరిమింది ఎవరు?

1954లో దేశమంతటా ముసర నిర్మూలన పథకం మొదలైంది. ఏళ్ల తరబడి టీకాలు. మన దేశంలో చివరిసారి ఆ జబ్బు కనిపించింది 1995లో. 2006లో మన దేశానికి ముసర లేదని అంతర్జాతీయంగా గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. మనుషుల్లో మశూచి తర్వాత భూమ్మీద నుంచి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో జబ్బు ఇదే.

టీకా కనిపెట్టింది శాస్త్రవేత్తలు. పథకం నడిపింది డాక్టర్లు. గాని పశువు మెడ పట్టుకుని సూది గుచ్చిన చేతుల్లో ఎక్కువ ఆ రెండో వరస మనుషులవే. ఆఫ్రికాలో సూడాన్, ఇథియోపియా లాంటి దేశాల్లో యుద్ధాల వల్ల డాక్టర్లు అడుగుపెట్టలేని చోట, పశువుల కాపరులకే శిక్షణ ఇచ్చి, వేడికి తొందరగా పాడవని టీకా చేతికిచ్చి పంపారు. చివరి మూలల్లో జబ్బు ఆగింది వాళ్ల వల్లే. కాబట్టి "డాక్టరు కానివాడు పశువు మీద చెయ్యే వెయ్యకూడదు" అనేవాళ్లు ఈ చరిత్ర చదవాలి.

అలాగని "చేతివాటం ఉంటే చాలు, చదువెందుకు" అనేవాళ్లు కూడా చదవాలి. ఆ కాపరులు వేసింది ఒక్క టీకా. ఎలా వెయ్యాలో నేర్పినవాళ్లు ఉన్నారు, వెనక అజమాయిషీ ఉంది. పని ఎంతవరకో ముందే చెప్పి పంపారు.

1984 చట్టం గీసిన గీత

మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో 15వ అంశం చూస్తే పశుసంపద రక్షణ, అభివృద్ధి, పశురోగాల నివారణ, పశువైద్య శిక్షణ, పశువైద్య వృత్తి, ఇవన్నీ రాష్ట్రాల పని అని ఉంటుంది. మరి ఢిల్లీలో పార్లమెంటు దీనిమీద చట్టం ఎలా చేసింది? 252వ అధికరణం అని ఒక దారి ఉంది. రెండు లేక అంతకన్నా ఎక్కువ రాష్ట్రాలు మా తరఫున మీరే చట్టం చెయ్యండని తీర్మానం చేస్తే పార్లమెంటు చెయ్యొచ్చు. మిగతా రాష్ట్రాలు తర్వాత తమ శాసనసభలో తీర్మానం చేసుకుని అందులో చేరొచ్చు. హర్యానా, బీహార్, ఒరిస్సా, హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, ఈ ఐదు రాష్ట్రాలతో మొదలై 1984లో భారత పశువైద్య మండలి చట్టం అలా వచ్చింది. తర్వాత మన రాష్ట్రం కూడా దాన్ని స్వీకరించింది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇలా స్వీకరించిన చట్టాన్ని రాష్ట్ర శాసనసభ తనంతట తాను మార్చలేదు. మార్చాలంటే మళ్లీ పార్లమెంటే, మళ్లీ అదే దారిలో మార్చాలి.

ఆ చట్టంలో మనం తెలుసుకోవాల్సింది 30వ సెక్షన్. రిజిస్టర్ అయిన పశువైద్యుడు, అంటే కాలేజీలో పశువైద్య డిగ్రీ చదివి కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్నవాడు, మాత్రమే చెయ్యాల్సిన పనులు అందులో నాలుగు చెప్పారు.

ఒకటి, ప్రభుత్వంలోగాని స్థానిక సంస్థల్లోగాని పశువైద్యుడి ఉద్యోగం.
రెండు, పశువైద్యం చెయ్యడం.
మూడు, పశువు ఆరోగ్యం గురించి చట్టం కోరే సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టడం.
నాలుగు, కోర్టులో పశువైద్య నిపుణుడిగా సాక్ష్యం చెప్పడం.

రెండో దానికి ఒక మినహాయింపు పెట్టారు. మన కథంతా ఆ మినహాయింపులోనే ఉందండి. వెటర్నరీ సూపర్‌వైజరు, స్టాక్‌మన్, స్టాక్ అసిస్టెంటు డిప్లొమా గాని సర్టిఫికెట్టు గాని ఉన్నవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి "చిన్నపాటి పశువైద్య సేవలు" చెయ్యనివ్వొచ్చు. అది కూడా రిజిస్టర్ అయిన డాక్టరు పర్యవేక్షణలో, ఆయన చెప్పినట్టు చెయ్యాలి.

చిన్నపాటి సేవలంటే ఏంటో కూడా చట్టమే చెప్పింది. టీకాలు వెయ్యడం, విత్తులు నొక్కడం, పుండ్లకి కట్టు కట్టడం లాంటి ప్రాథమిక సాయం. ఇవి కాకుండా ఇంకే ప్రాథమిక సాయం చెయ్యొచ్చో, ఏయే జబ్బులకి మందు ఇవ్వొచ్చో రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించుకోవచ్చు.

చూశారా? చట్టం మొత్తాన్ని మన అసెంబ్లీ మార్చలేకపోయినా, ఈ కిటికీ మాత్రం రాష్ట్రం చేతిలోనే ఉంది. అసిస్టెంటు ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో రాసే కలం అమరావతిలోనే ఉంది, ఢిల్లీలో కాదు. ఇది చాలామందికి తెలియదు.

మహారాష్ట్ర వాళ్ల కేసు

ఈ గీత ఎంత గట్టిదో మహారాష్ట్ర అనుభవం చెబుతుంది. అక్కడ పాత రాష్ట్ర చట్టం కింద డిప్లొమా వాళ్లు కూడా పేరు నమోదు చేసుకుని సొంతంగా వైద్యం చేసుకునేవారు. రాష్ట్రం 1984 చట్టాన్ని స్వీకరించేసరికి ఆ దారి మూసుకుపోయింది. ఇన్నేళ్లుగా చేస్తున్న పని, ఇప్పుడు కాదంటే ఎలా బతకాలని కోర్టుకెళ్లారు. ఉదయ్ సింగ్ డాగర్ కేసు అంటారు. సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2007లో కోర్టు వాళ్ల వాదన ఒప్పుకోలేదు. వృత్తికి ఎంత చదువుండాలో నిర్ణయించే అధికారం చట్టసభలకి ఉందంది. వాళ్లకి మిగిలింది ఆ చిన్నపాటి సేవలే.

ఆ మనుషుల కోణం నుంచి చూస్తే బాధగానే ఉంటుంది. ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి పశువుల్ని చూసినవాడికి ఒక్క కాగితంతో గీత గీశారు. గాని గీత అవసరమే లేదా అంటే, అలా అనలేను. ఎందుకో కిందకి వచ్చాక చెబుతాను.

గోపాలమిత్ర నుంచి రైతు సేవా కేంద్రం దాకా

మన రాష్ట్రంలో 2000 ప్రాంతంలో పశుగణాభివృద్ధి సంస్థ వచ్చింది, దానితో గోపాలమిత్రలు వచ్చారు. పదో తరగతి చదివిన ఊరి కుర్రాళ్లకి కొద్ది నెలల శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరికే వచ్చి గేదెలకి సెమన్ వేసే పని అప్పజెప్పారు. అప్పటిదాకా ఎదకొచ్చిన గేదెను తోలుకుని ఆసుపత్రికి మైళ్లు నడిచేవాళ్లం. ఈలోపు ఎద దాటిపోయేది. మళ్లీ 21 రోజులు ఆగాలి. ఇరవయ్యొక్క రోజులంటే అన్ని రోజుల మేత దండగ. గోపాలమిత్ర బండి గుమ్మం ముందు ఆగడం అనేది మన డెల్టాలో పాడికి చేసిన మేలు తక్కువ కాదు. మన నాటు గేదెలు ముర్రా రక్తంతో ఇలా మారడంలో ఆ కుర్రాళ్ల చెయ్యి ఉంది. తర్వాత కేంద్రం కూడా ఇలాంటి పనికే మైత్రి అనే పేరుతో కుర్రాళ్లకి శిక్షణ మొదలుపెట్టింది.

2005లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది. దాని కింద పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లు నడుస్తున్నాయి. మన రామచంద్రపురంలోనూ ఒకటుంది. పది తర్వాత రెండేళ్ల డిప్లొమా. డాక్టరు చదువు ఇంటర్ తర్వాత ఐదున్నరేళ్లు. ఈ తేడా కూడా గుర్తుంచుకోండి.

2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు పశుసంవర్ధక సహాయకుల పోస్టులు 9,886 ప్రకటించారు. డిప్లొమా వాళ్లు, ఇంటర్ వొకేషనల్‌లో పాడి పరిశ్రమ చదివినవాళ్లు అర్హులు. అర్హులు సరిపడా దొరక్క చాలా పోస్టులు మిగిలిపోయాయి. 2023లో మళ్లీ 1,896 పోస్టులకి ప్రకటన ఇచ్చారు. చూడండి, మళ్లీ అదే వరస. కాగితం ముందు, మనిషి తర్వాత. 1866లో ఎలాగో 2019లోనూ అలాగే.

2022 మే నెలలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 సంచార పశువైద్య అంబులెన్సులు మొదలయ్యాయి. 1962కి ఫోన్ చేస్తే వచ్చే బండి అదే. ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోనివాళ్లు ఇప్పుడే పెట్టుకోండి.

గీత దాటితే ఏమవుతుంది

చట్టం సంగతి పక్కన పెట్టి పాకలోకి వద్దాం. మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది పాలజ్వరం. బాగా పాలిచ్చే గేదె ఈనిన రెండు మూడు రోజుల్లో చతికిలబడిపోతుంది. చెవులు చల్లబడతాయి, మెడ డొక్కవైపు తిప్పి పడుకుంటుంది. పేరులో జ్వరం ఉందిగాని జ్వరం ఉండదు, రక్తంలో కాల్షియం పడిపోవడం అది. నరానికి కాల్షియం ఎక్కిస్తే మన కళ్లముందే లేచి నిలబడుతుంది. చూసేవాళ్లకి మాయలా ఉంటుంది. అందుకే అందరికీ ఈ సూది వెయ్యాలని ఉంటుంది. గాని అదే సీసాని గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా ఎక్కించాలి. మా వైపు ఒక ఊళ్లో ఇలాగే జరిగింది. పేర్లు వద్దులెండి. సీసా సగం అయ్యేసరికి గేదె ఒక్కసారి కాళ్లు చాపేసింది. రెండో ఈత ముర్రా గేదె, లక్ష పైన పెట్టి కొన్నది. సూది వేసినతను "టైమ్ దగ్గర పడింది, ఏం చేస్తాం" అని వెళ్లిపోయాడు. అతని దగ్గర చీటీ లేదు, పేరు నమోదు లేదు, అడిగే దారీ లేదు.

రెండోది గర్భసంచి మెలిక. ఆవుల్లో కన్నా గేదెల్లో ఇది ఎక్కువ. ఈనడానికి కష్టపడుతున్న గేదెల్లో చాలావాటికి కారణం ఇదే. గేదె లేస్తుంది, పడుకుంటుంది, ముక్కుతుంది, నీటిసంచి కనిపించదు. తెలియనివాడు చెయ్యి పెట్టి దూడని లాగడానికి చూస్తాడు, లేదా నొప్పులు రావడానికి సూది వేస్తాడు. మెలిక ఉండగా లాగితే సంచి చిరుగుతుంది. తెలిసినవాడు లోపల చెయ్యి పెట్టి మెలిక ఎటు పడిందో చూసి, గేదెను పడుకోబెట్టి, పొట్టమీద పలక వేసి, మెలిక పడ్డవైపే దొర్లిస్తాడు. అలా విడకపోతే ఆపరేషనే. ఇది చిన్నపాటి సేవ కాదు. ఇక్కడ అసిస్టెంటు చెయ్యగల గొప్ప పని ఒక్కటే, ముందే పసిగట్టి డాక్టరుకి ఫోన్ చెయ్యడం. ఆ ఒక్క ఫోన్ తల్లినీ దూడనీ కాపాడుతుంది.

మూడోది యాంటీబయాటిక్. పొదుగువాపు రాగానే ఏదో ఒక సూది, తగ్గకపోతే ఇంకోటి. ఆ మందు పాలలోకి దిగుతుంది. ఎన్ని రోజులు ఆ పాలు పొయ్యకూడదో చెప్పేవాడు ఉండడు. ఆ పాలు తాగేది మన పిల్లలే. పైగా అడ్డదిడ్డంగా వాడిన మందు రేపు నిజంగా కావాల్సినప్పుడు పనిచెయ్యదు. రొయ్యల చెరువుల్లో యాంటీబయాటిక్ వల్ల సరుకు వెనక్కొచ్చిన సంగతి మన జిల్లాల వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, ఇన్సూరెన్సు. పశువు చనిపోతే పోస్టుమార్టం రిపోర్టు, సర్టిఫికెట్టు కావాలి. రిజిస్టర్ అయిన డాక్టరు సంతకం లేకపోతే ఆ కాగితం నిలబడదు. ఎవరు వైద్యం చేశారో కాగితం లేకపోతే క్లెయిమ్ దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి.

రెండోవైపు కూడా చూడాలి

ఇదంతా చదివి అసిస్టెంట్లనీ గోపాలమిత్రలనీ తప్పుపట్టకండి. అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చేది చాలాసార్లు వాళ్లే. డాక్టరు గారు మీటింగులో ఉంటారు, లేదా రెండు మూడు ఊళ్లకి ఒక్కరే ఉంటారు, లేదా పోస్టే ఖాళీగా ఉంటుంది. అప్పుడు "నాకు అనుమతి లేదు" అని అసిస్టెంటు వెళ్లిపోతే మనమే తిడతాం. సూది వేసి ఏదైనా జరిగితే మళ్లీ మనమే తిడతాం. ఏ కొమ్మ పట్టుకున్నా ముళ్లే అతనికి.

నా ఉద్దేశంలో అసలు లోపం ఆ సెక్షన్‌లో ఉన్న "పర్యవేక్షణ" అన్న ఒక్కమాట దగ్గరుంది. కాగితం మీద ప్రతి అసిస్టెంటు వెనకా ఒక డాక్టరు ఉన్నట్టే. నిజంగా ఉన్నాడా? ఫోన్ ఎత్తుతాడా? ఫలానా మందు ఇంత వెయ్యి అని చెప్పి తన పేరు మీద రాస్తాడా? ఆ పర్యవేక్షణ నిజంగా ఉంటే అసిస్టెంటు చెయ్యి మనకి వరం. అది ఉత్తుత్తి మాట అయితే అదే చెయ్యి మన ప్రాణానికి వస్తుంది. గీత చెరిపెయ్యమని నేను అనడం లేదు. గీతకి ఇవతల ఉన్న మనిషికీ అవతల ఉన్న మనిషికీ మధ్య వంతెన కట్టమంటున్నాను. అది కట్టే అధికారం రాష్ట్రానికి ఉంది. అడగాల్సింది మనం.

మనం చెయ్యగల పనులు

ఒకటి. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అసిస్టెంటు గారు ఏయే సేవలు చెయ్యొచ్చో తెలుగులో రాసి గోడకి అంటించమని అడగండి. ఎరువుల రేట్ల పట్టిక ఉన్నట్టే ఇదీ ఉండాలి. ఆయన పైన ఉన్న డాక్టరు పేరు, ఫోన్ నంబరు కూడా దాని కిందే ఉండాలి.

రెండు. ఎవరు సూది వేసినా చీటీ రాయించుకోండి. మందు పేరు, ఎంత మోతాదు, తేదీ, పాలు ఎన్ని రోజులు పొయ్యకూడదు. ఖాళీ సీసా కూడా రెండు రోజులు పారెయ్యకండి. తర్వాత వచ్చే డాక్టరుకి ముందు ఏం వేశారో తెలియడం సగం వైద్యం.

మూడు. టీకాల రోజున అసిస్టెంటు గారికి సాయం చెయ్యండి. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకి ముందు. ఆడదూడలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు బ్రూసెల్లా టీకా ఒక్కసారి. ఇది డాక్టరు పర్యవేక్షణలో చెయ్యడానికి చట్టం వాళ్లకి వీలిచ్చిన పని, వాళ్లు బాగా చేసే పని. పాలు తగ్గుతాయని గేదెను దాచేవాళ్లు ముసర కథ ఇంకోసారి చదవండి. ఆ జబ్బు పోయింది ఊళ్లో ఏ పశువునీ వదలకుండా టీకా వేస్తేనే.

నాలుగు. గ్రామసభలో పశువుల సంగతి ఎత్తండి. రోడ్లు, కాలవలు, పింఛన్ల తర్వాత టైమ్ ఉండదు కాబట్టి ముందే రాసివ్వండి. మన మండలంలో డాక్టరు పోస్టు ఖాళీ ఉందా, అసిస్టెంటు పోస్టు ఖాళీ ఉందా, ఎప్పట్నుంచి? రాసిచ్చిన కాగితానికి జవాబు రావాలి.

1866 నుంచి ఇప్పటిదాకా పశువుల పేరు మీద వచ్చిన ఏ చట్టంలోనూ గేదెని సాకే ఆడవాళ్ల మాటగాని, రైతు మాటగాని పెద్దగా వినపడలేదు. ముసరని చూసి దొరలు చట్టం చేశారు. ఆబోతుని చూసి ఇంకో చట్టం చేశారు. చదువుని చూసి 1984 చట్టం చేశారు. పాకలో రాత్రి రెండింటికి లాంతరు పట్టుకుని నిలబడేవాళ్లని చూసి రాసే ఉత్తర్వు ఇంకా రావాలి. అది అడక్కుండా రాదు.

మీ ఊళ్లో పశువుల ఆసుపత్రి ఎలా నడుస్తోందో, రాత్రిపూట ఎవరు వస్తున్నారో రాయండి. మనుషుల పేర్లు రాయొద్దు, ఊరి పేరూ పరిస్థితీ రాయండి చాలు. నాలుగు ఊళ్ల మాట ఒకచోట చేరితే, మండలంలో ఇచ్చే కాగితానికి బరువు వస్తుంది.

సెలవు.